ఈరన్న పతకానికి కట్టిన ముడుపు

డెబ్బై ఒకటి యుద్ధంలో మా అన్నను బతికించిన మనిషి పేరు ఈరన్న. తూర్పు సరిహద్దులో నది దాటుతుంటే ఎదురుగట్టు మీది మెషిన్‌గన్ మనవాళ్ళను వరసగా పడగొట్టింది. ఈరన్న ఒక్కడే ఈదుకుంటూ పోయి, గ్రెనేడ్ విసిరి దాని నోరు మూయించాడు. తిరిగి వస్తూ తూటా తగిలి నీళ్ళలో మునిగిపోయాడు, అది చూసింది మా అన్న ఒక్కడే. శవం దొరకలేదు. ప్రభుత్వం పతకం ఇచ్చింది. ఊపిరితిత్తులు చెడి మంచం దిగలేని అన్న, డెబ్బై ఎనిమిది వేసవిలో నన్ను పిలిచి, "ఆ పతకం ఒక్కసారి కళ్ళకద్దుకుని రారా" అన్నాడు. అందుకే బయలుదేరాను.

గుంతకల్లులో రైలు మారి ఆదోనిలో దిగేసరికి తెల్లవారింది. ఆ దారిన వెళ్ళేవాళ్ళు స్టేషన్ బయట బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని వెళ్ళండి, ఆపైన దారిలో ఏమీ దొరకదు. ఎమ్మిగనూరుకు బస్సులు చాలానే ఉన్నాయి, గంట పైగా పడుతుంది. రెండు పక్కలా పత్తి తీసేసిన నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. ఈరన్న ఊరు అక్కడి నుంచి నందవరం దారిలో ఉంది. బస్సు అప్పుడే పోయిందంటే జట్కా ఎక్కాను.

"మిలిటరీ ఈరన్నోళ్ళింటికా సామీ?" అన్నాడు జట్కా తోలే మాబు. "ఆడ సచ్చిపోయినాడనే మాట ఎత్తొద్దండి. వాళ్ళమ్మ ఆ బిళ్ళను ముడుపు కట్టి దూలానికి ఏలాడదీసింది. కొడుకొస్తేనే ఇప్పుతాదంట."

మొక్కు తీరేదాకా ముడుపు విప్పరు. నేను చూడాలని వచ్చిన పతకం ఆరేళ్ళుగా పసుపు గుడ్డలో, దూలానికి వేలాడుతోంది.

అన్న పంపితే వచ్చానని చెబితే ఈరన్న తల్లి నరసమ్మ మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. కోడలు సరోజ గడప దగ్గర నిలబడింది, నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు.

"మీ అన్న ఆ పొద్దు మావోని పక్కనే ఉండెనా?" అంది నరసమ్మ. "సచ్చిపోయినాడని సర్కారోళ్ళు పంపిన కయితం నేను నమ్మలేదప్పా. సూసినోళ్ళు సెప్తే నమ్ముతా. ఈ పిల్ల సిన్నది. మారుమనువు సేస్తామని పుట్టింటోళ్ళు వచ్చి వచ్చి పోయినారు. ముడుపు ఉండంగ కదలనంటాది. నా కొడుకు లేడంటే దీన్ని ఇడిసిపెడతా. నిజం సెప్పు నాయనా."

మాబు మాట గుర్తొచ్చింది. కానీ ఆ తల్లి నిజం అడుగుతోంది. అన్న చెప్పిందంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. లేచి ముడుపు దించింది. ముడి బిగుసుకుపోయి ఉంటే కొడవలితో కోసింది. లోపల పతకం నల్లబడి ఉంది. దాన్ని కళ్ళకద్దుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఇంగ పో తల్లీ, మీయమ్మోళ్ళింటికి," అంది కోడలితో.

సరోజ నా ముందుకొచ్చింది. "నువ్వు సూసినావాన్నా?"

"లేదమ్మా. మా అన్న చూశాడు."

"అయితే నువ్వు సూడలే. యిన్నావంతే." తెగిన గుడ్డలోనే పతకాన్ని చుట్టి, పంటితో లాగి మళ్ళీ ముడి వేసి, దూలానికి కట్టేసింది. కొడవలి చేత్తో పట్టుకునే నరసమ్మ కూలబడి నా వైపు చూసింది.

మంచం మీదైనా సరే అన్నను మోసుకొచ్చి ఆ గడప దగ్గర దించాలనుకుంటూ తిరిగొచ్చాను. ఆ చలికాలంలోనే అన్న పోయాడు. ఈరన్న చావును కళ్ళారా చూసినవాడు ఇక లోకంలో లేడు. ఆ ముడుపును ఇంకెవరూ విప్పించలేరు. అంత సాహసం చేసి ఎందరినో గట్టెక్కించినవాడి ఇంట్లో ఇద్దరాడవాళ్ళు అలా నది మధ్యలోనే ఉండిపోయారు. పతకాల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే: విన్న కబురు మోసుకెళ్ళకండి, చూసిన మనిషిని వెంటబెట్టుకెళ్ళండి, అతనికి ఊపిరి ఉండగానే.