ఈశాన్యం గేటు, ఎడమకు లాగే పికప్

తెలంగాణ వచ్చిన మరుసటి వేసవిలో నన్ను నల్లగొండలోని ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపుకు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. రాష్ట్రం కొత్తది, మాకు అప్పగించిన బండ్లు మాత్రం పాత రాష్ట్రాన్ని పూర్తిగా అనుభవించినవి. వాటిలో ఒకటి, బోరు మోటార్లు మోసే ఓ కార్యాలయపు పికప్. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా ఎడమకు లాగేది.

ఇలాంటి ఫిర్యాదుకు మా పద్ధతి ఒకటుంది. ముందు టైర్లలో గాలి చూస్తాం. చాలా స్టీరింగు జబ్బులు అక్కడే నయమవుతాయి. తర్వాత ముందు భాగాన్ని జాకీ మీద లేపి, చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఊపుతాం. లూజు కనిపిస్తే టై రాడ్‌ను అనుమానించాలి. ముందు చక్రాలు రెండూ ఒకే మాట మీద ఉండేలా కలిపే ఇనుప కడ్డీ అది. ఈ బండిలో కడ్డీ వంగింది, దాని చివరి కీలు అరిగింది. ఫిట్టర్ ఖాజా రెండూ మార్చి అలైన్‌మెంటు సరిచేశాడు. నార్కట్‌పల్లి దాకా నడిపి చూశాను. చేతులు వదిలినా తిన్నగా పోయింది. చేతులు వదిలిన సంగతి రిపోర్టులో రాయలేదు.

నెల తిరక్కుండా అదే వంపుతో మళ్లీ వచ్చింది. మళ్లీ మార్చాం. మూడోసారి వచ్చినప్పుడు ఆ కార్యాలయపు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు ఫోన్ చేశారు. హోదాలో నాకంటే రెండు మెట్లు పైవారు. డ్రైవరు సైదులు మొరటుగా నడుపుతున్నాడని నేను రాసిస్తే చాలట, మిగతాది వారే చూసుకుంటారట. సైదులు ఔట్‌సోర్సింగు మనిషి. అంటే తీసేయడానికి విచారణ కూడా అక్కర్లేనంత సౌకర్యవంతమైన ఉద్యోగి.

"ఏం తోలుతున్నవ్‌రా సైదులూ, బండినా, బర్రెనా?" అన్నాడు ఖాజా.

"నన్నేం జేయమంటవ్ ఖాజా భాయ్? నిమ్మకాయలు గట్టిన. గుట్టకు తీస్కపోయి పూజ గూడ చేపిచ్చిన," అన్నాడు సైదులు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, నా నౌకరి పోతే బండి ఎడమకు లాగుడు బందయితదా?" అన్నాడు.

ప్రశ్న సాంకేతికంగా సబబైనదే. కడ్డీ మార్పించి, మర్నాడు ఆ కార్యాలయానికి వెళ్లి సైదులు పక్కన కూర్చున్నాను.

బండి గేటు దాటకముందే కారణం తెలిసింది. ఫోన్ చేసిన ఆ ఇంజనీరు దొరగారి ప్రమోషను ఆలస్యమవుతోందని ఎవరో వాస్తు పండితుడు రోడ్డు వైపున్న దక్షిణపు గేటుకు గోడ కట్టించి, ఈశాన్యం మూలన కొత్త గేటు పెట్టించాడు. దాని ముందు మురుగు కాలువ బండ ఉంది. దానికి వాస్తు తెలియదు. దొరగారి కారు సులువుగా జారుకునేది. పొడవాటి పికప్ స్టీరింగు కడదాకా తిప్పితే తప్ప బయటపడదు. అలా తిప్పినప్పుడు ఎడమ చక్రం బండ అంచును గుద్దేది. ఆ దెబ్బంతా టై రాడ్‌కే. కొంత నా తలకూ తగిలింది.

లోపలికి వెళ్లి, బండి తిరగడానికి ఎంత జాగా కావాలో దొరగారికి కాగితం మీద గీసి వివరించాను. ఆయన ఓపికగా విని, "డ్రైవర్లు నేర్చుకోవాలె," అన్నారు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఈశాన్యం మీద బరువు పడకూడదంటారనీ, ఇక్కడ మాత్రం రోజూ ఇనుప మోటార్లు దాని మీది నుంచే పోతున్నాయనీ వినయంగా మనవి చేశాను.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దానయ్యా!"

వారం తిరక్కుండా దక్షిణపు గోడ కూలింది. ఫైలు లేదు, అంచనా లేదు. బరువు బండ్లకు దక్షిణం, దొరగారికి ఈశాన్యం. నా రిపోర్టులో "డ్రైవరు లోపం లేదు, బయటికి పోయే దారి సవరించబడింది" అని రాశాను. సైదులు అదే స్టీరింగు ముందు మిగిలాడు. టై రాడ్ మళ్లీ వంగలేదు. దొరగారికి ప్రమోషను వచ్చింది. ఆ ఘనత ఈశాన్యంలో బరువు దించిన నాదేనని ఆయన చాలామందితో అన్నారట.

స్టీరింగు జబ్బుకు జాకీ వేసేముందు, ఆ బండి రోజూ ఎక్కడ మలుపు తిరుగుతుందో చూడాలి. కారణం దొరికాక, సంతకం పెట్టేవారు ఏ శాస్త్రం నమ్ముతారో కనుక్కుని అందులో చెప్పాలి. రెండోది మాకు కాలేజీలో చెప్పలేదు.