డోలు ఆగాక వచ్చే పాట

వాద్యం వాయించి బతికేవాళ్లతో కూర్చుని మాట్లాడి, ఆ మాటలన్నీ ఒక పుస్తకంగా వెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. జగిత్యాలలో ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెబుతాను. సెలవులొస్తే ఇంట్లో కాలు నిలవదు. డప్పు కొట్టేవాళ్లను, చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లను, సిరిసిల్లలో యూట్యూబుకు జానపదాలు పాడే పిల్లలను కలిశాను. అడిగిందీ చెప్పారు, అడగందీ చెప్పారు. ఒక్క ఎహసాన్ దగ్గరే నా పప్పులుడకలేదు.

ఎహసాన్ కోరుట్లలో బ్యాండు మేళం నడుపుతాడు. క్లారినెట్ ఆయనదే. బస్టాండు వెనక సందులో ఒక గది. గోడకు వరుసగా ఎర్ర కోట్లు, వాటి మీద బంగారు రంగు పట్టీలు, మూలన డోళ్లు. మనిషి సన్నగా ఉంటాడు. మాట ఇంకా సన్నం. నేను పెద్ద ప్రశ్నలు రాసుకుని వెళ్లాను.

"మీ సృజన గురించి చెప్పండి ఎహసాన్ భాయ్."

"గదేంది మేడం?"

"అంటే మీరు సొంతంగా కట్టిన పాటలు, వాటి వెనక కథ."

"మాకు సొంతం ఏముంటది? సినిమా పాట రాంగనే నేర్చుకుంటం. పెళ్లోళ్లు ఏది అడిగితే గది వాయిస్తం. మాది నకలు మేడం."

మూలన డోలు తోలు బిగిస్తున్న మొగిలి తలెత్తాడు. గొల్లపల్లి మనిషి. పెళ్లి కాకముందు నుంచీ ఎహసాన్ పక్కన డోలు కొడుతున్నాడు. అతని నోట్లో నువ్వు గింజ నానదు.

"అబద్ధం మేడం. సాగనంపుడు పాట ఎవనిది? ఏ సినిమాల ఉన్నది? చెప్పమనుండ్రి."

ఎహసాన్ క్లారినెట్ నోటికాడ ఉండే రీడు ఊడదీసి తుడవడం మొదలుపెట్టాడు. ఆ పాట నాకు తెలుసు. ఈ చుట్టుపక్కల పెళ్లి భోజనం చేసిన వాళ్లందరికీ తెలుసు. పెళ్లికూతుర్ని కారెక్కించే వేళకు డోలు ఆగుతుంది, తాళాలు ఆగుతాయి, ఎహసాన్ ఒక్కడే వాయిస్తాడు. అప్పటిదాకా కూరలో ఉప్పెక్కువైందని గొణిగిన ఆడవాళ్లు కూడా కొంగు కళ్లకద్దుకుంటారు. మెట్‌పల్లిలో ఒక పెళ్లిలో నేనే భోరుమన్నాను. ఆ పెళ్లికూతురి పేరేమిటో కూడా నాకు సరిగ్గా తెలియదు.

"ఆ పాట ఎప్పుడు కట్టారు?"

"యాదికి లేదు మేడం."

అబద్ధమాడటం రాని మనిషి అబద్ధమాడితే చూడటం కష్టం. నేనే మాట మార్చాను. డీజేలు వచ్చాక మీ పనెలా ఉంది అన్నాను.

"బరాత్ ఊరేగింపు మొత్తం డీజే పట్టుకపోయింది. సాగనంపుడు మాకు మిగిలింది. డీజే పెట్టెకు ఎప్పుడు ఆగాల్నో తెల్వదు గద."

"అంతమంది ఏడుస్తుంటే, వాయించేటప్పుడు మీకు ఏడుపు రాదా?"

ఈసారి రీడు కింద పెట్టాడు. "ఏడ్చెటోడు వాయించలేడు మేడం. ఊపిరి కదిలితె పెదవి కదులుతది. పెదవి కదిలితె పాట పోయి కీచుమంటది. దీనికి రెండు చేతులు గావాలె, నోరు గావాలె. ఇంక ఏడ్వనీకి ఏం మిగుల్తది?"

మాట బాగుంది కదా అని రాసుకున్నాను. పుస్తకానికి పనికొస్తుందనుకున్నానే గాని అంతకుమించి ఆలోచించలేదు. టీ తాగి బస్సెక్కాను.

కొన్నాళ్లకు ఒక ఆదివారం సిద్రా ఫోన్ చేసింది. ఎహసాన్ కూతురు, మా కాలేజీలోనే చదివింది. ముక్కు మీద కోపం. క్లాసులో నేను తప్పు చెప్పినా ఊరుకునే రకం కాదు. మెట్‌పల్లిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న ఖాలిద్‌తో సంబంధం కుదిరిందని ఎహసానే అంతకుముందు చెప్పి ఉన్నాడు. మంచి పిల్లవాడని అందరూ అన్నారు. శుభవార్త చెబుతుందనుకుంటే ఫోన్లో నిప్పులు కురిపించింది.

"మేడం, పిలగానోళ్లు బ్యాండు వద్దన్నరు. పెండ్లి సాదాగ గావాల్నట, పాటలు గీటలు ఉండొద్దట. మా పప్పా ఏమన్నడో తెలుసా? సరే అన్నడు. ఒక్క నిమిషం గూడ ఆలోచించలే. ఊర్ల ఉన్న ఆడపిల్లలందర్ని పాట వాయించి పంపినోడు, నా పెండ్లిల నోరు మూసుకొని నిలబడ్తడట. నాకీ పెండ్లొద్దు."

నాకూ ఒళ్లు మండింది. ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది, కాదనను. ఖాలిద్ వాళ్ల తాతకు నిష్ఠ ఎక్కువ, వాళ్లింట్లో ఏ పెళ్లీ మేళంతో జరగలేదట. మీ పని మీద మాకు చిన్నచూపు లేదని కూడా మర్యాదగానే చెప్పారట. అయినా, క్లారినెట్ తిండి పెట్టిన ఇంట్లో క్లారినెట్ మోగకూడదంటే ఆ మనిషికి ఎలా ఉంటుంది? ఇదేదో అడిగి తేల్చాలని మధ్యాహ్నం బస్సుకే కోరుట్ల వెళ్లాను.

ఇంట్లో వాతావరణం చూస్తే నోరు తెరవడానికే భయమేసింది. సిద్రా ఒక గదిలో, ఎహసాన్ వరండాలో. మధ్యలో ఆయన భార్య జమాలున్నీసా అటొకసారి ఇటొకసారి తిరుగుతోంది. వాళ్లింట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి, నేనున్నప్పుడు నా కోసం తెలుగులోకి వస్తాయి. కోపాలకు మాత్రం తర్జుమా అక్కర్లేదు. మొగిలి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, అతనిది సిద్రా పక్షం.

"అన్నా, నీ ఇజ్జత్ పొయ్యింది కాకుండ మా అందరి ఇజ్జత్ తీస్తున్నవ్" అంటున్నాడు. "నా బిడ్డ విజయ లగ్గంల వాయించినవ్ గద. నీ బిడ్డకాడికి వచ్చెటాల్లకు ఏమైంది?"

నేనూ అందుకున్నాను. "ఒక్క పాట ఎహసాన్ భాయ్. చివర్లో ఒక్కటి. అడిగి చూస్తే ఒప్పుకుంటారేమో."

"నేనడగ మేడం" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "మాటిచ్చిన. అయిపోయింది."

సిద్రా గదిలోంచి బయటికొచ్చింది. ఏడ్చినట్టు ముఖం ఉబ్బింది. "నువ్వు వాయించకపోతే నేను కారెక్క పప్పా. అందరి ముంగట చెప్తా, ఎక్క అని."

అంటే అంటుంది. అనడమే కాదు, చేస్తుంది కూడా. జమాలున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎహసాన్ లేచి కూతురి ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు వినిపియ్యకుంట పంప" అన్నాడు. "గిది గూడ మాటనే."

రెండు మాటలూ ఎలా నిలబెడతాడో అక్కడున్న ఎవరికీ అంతుపట్టలేదు. అడిగితే మళ్లీ క్లారినెట్ తుడవడం మొదలుపెట్టాడు. ఆ మాట మీద సిద్రా పెళ్లికైతే సరేనంది, కారు సంగతి మాత్రం అప్పుడు చూస్తానంది. మొగిలి నన్ను బస్టాండు దాకా దింపుతూ, "వాయిస్తడు మేడం, ఆఖరుకు ఆగలేడు. నేను క్లారినెట్ సంచిల పెట్టుకొని వస్త" అన్నాడు. నాకూ అదే అనిపించింది. వాయిస్తే అవతలివాళ్లు పెళ్లి దగ్గరే ఏమంటారో, వాయించకపోతే ఈ పిల్ల ఏం చేస్తుందో, జగిత్యాల దాకా అదే ఆలోచన.

పెళ్లి కోరుట్లలోనే, ఒక ఫంక్షన్ హాల్లో. మేళగాళ్లంతా వచ్చారు. ఎర్ర కోట్లు లేకపోయేసరికి సగం మంది వాళ్లను గుర్తుపట్టలేదు, వాళ్లకూ చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిఖా అయింది, ఖర్జూరాలు పంచారు. నన్ను ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టారు. పక్కన కౌసర్ అని ఒకామె, ఎహసాన్ చెల్లెలు, సిరిసిల్ల నుంచి వచ్చింది. నేను పుస్తకం సంగతి చెప్పగానే నవ్వింది.

"భయ్యా ఏం చెప్పిండు మీకు?"

"ఏం చెప్పలేదు. ఆ సాగనంపుడు పాట ఎప్పుడు కట్టారో యాదికి లేదన్నారు."

"యాదికి లేదన్నడా!" ఆమె బిర్యానీ పళ్లెం పక్కన పెట్టింది. "నా పెండ్లిల పుట్టిందమ్మా అది. మేళం అప్పుడు మా అబ్బాది, మా నాయినది. భయ్యా అప్పుడప్పుడే మంచిగ వాయిస్తుండె. నేను కారు కాడికి పోంగ, ఆయన మెడ పట్టుకొని ఏడ్వాలని దగ్గరికి పోయిన. చేతుల క్లారినెట్, నోట్ల క్లారినెట్. నేను నడుమ జొరబడనీకి జాగ లేదు. మోచెయ్యి పట్టుకొని నిలబడ్డ. మా అబ్బా ఆపకు అని సైగ జేసిండు. వాయించేది ఏదో సినిమా పాటనే, నడుమల తప్పిపోయింది. ఏడుపు ఆపుకుంట ఆపుకుంట ఇంకో పాట అయింది. అందరు శభాష్ అన్నరు. అబ్బా గూడ అన్నడు."

"మీరో?"

"నేను సిరిసిల్ల దాక ఏడ్చిన. మా భయ్యా నాకొక్క మాట గూడ చెప్పకుంట పంపిండని. ఇప్పటికీ ఈద్ పండుగకు వచ్చినప్పుడల్ల అంట. నవ్వుతడు, జవాబియ్యడు."

రెండు చేతులు గావాలె, నోరు గావాలె. ఆ మాట రాసుకుని మురిసిపోయాను గాని, అది పాట గురించి చెప్పిన మాట కాదని కౌసర్ పళ్లెం పక్కన కూర్చున్నప్పుడు తెలిసింది. బ్యాండు వద్దనగానే ఆయన ఎందుకంత తొందరగా ఒప్పుకున్నాడో కూడా తెలిసినట్టే అనిపించింది. కానీ కూతురికిచ్చిన మాటో?

అంతలో పిలుపొచ్చింది. సిద్రాను బయటికి తీసుకొచ్చారు. కారు సిద్ధంగా ఉంది. అందరూ చుట్టూ చేరారు, కానీ ఏడుపు ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఇన్నేళ్లూ ఆ సంగతి క్లారినెట్ చెప్పేది. ఆడవాళ్లు కొంగులు చేతుల్లో పట్టుకుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సిద్రా కారు తలుపు దగ్గర ఆగిపోయింది. ఎక్కలేదు. తండ్రి వైపు చూస్తోంది. మొగిలి చెయ్యి సంచిలో ఉంది.

అప్పుడు ఖాలిద్ ముందుకొచ్చాడు. సన్నటి గడ్డం, చెమట పట్టిన ముఖం. ఎహసాన్ పక్కకెళ్లి మెల్లగానే అన్నాడు గాని మాకు వినబడింది.

"మామూ, వాయించుండ్రి. ఒక్క పాటకు ఏం గాదు. తాతకు నేను చెప్పుకుంట."

పిల్లవాడి మీద నాకున్న కోపమంతా అక్కడితో పోయింది. మొగిలి ఆగుతాడా? క్లారినెట్ బయటికి తీసి, రీడు సరిచేసి ఎహసాన్ ముందుకు చాపాడు. మేళగాళ్లంతా తెలియకుండానే ఒక అడుగు ముందుకేశారు. ఇక వాయించడమే తరువాయి. ఎహసాన్ దాని వైపు చూశాడు. దాని మీద వేలు వేశాడు, తీశాడు.

"వద్దు బేటా" అన్నాడు ఖాలిద్‌తో. "ఇయ్యాల నాకు చేతులు గావాలె."

వెళ్లి కూతుర్ని పట్టుకున్నాడు. రెండు చేతులతోనూ. ఆమె తల తన భుజం మీదికి లాక్కున్నాడు. ఆమె ముందు బిగుసుకునే ఉంది, కోపం ఇంకా దిగలేదు. ఆయన పెదవులు ఆమె చెవి దగ్గర కదులుతున్నాయి. దీవెనగా దువా చదువుతున్నాడని పక్కామె అంది. చాలాసేపు అలాగే ఉన్నారు. ఉన్నట్టుండి ఆయన భుజాలు కదిలాయి. ఊళ్లో ఆడపిల్లలందరినీ కన్ను తడవకుండా సాగనంపిన మనిషి అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కౌసర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను. నేనైతే ఏడ్చాను, ఈసారి పెళ్లికూతురి పేరు తెలిసే ఏడ్చాను.

సిద్రా తండ్రి ముఖం రెండు చేతులతో తుడిచింది. పెదవుల్లోనే ఏదో అనుకుంటూ కారెక్కింది. కారు మెట్‌పల్లి రోడ్డెక్కేదాకా అందరం అక్కడే నిలబడ్డాం.

మొగిలి మాత్రం ఉడుక్కుంటున్నాడు. "వినిపిస్తనని మాటిచ్చినవ్ గదనే? పిల్లకు మాట తప్పినవ్."

"తప్పలే" అన్నాడు ఎహసాన్. ముక్కు చీదుకుని, నా వైపు తిరిగాడు. ఇన్నాళ్లుగా నేనడిగిన ఏ ప్రశ్నకూ అంత సూటిగా జవాబు చెప్పలేదు.

"చెవుల పాడిన మేడం. ఉత్త నోటితోని. సగం దాకనే వచ్చింది, ఆడనుంచి ఏడుపొచ్చింది." కారు పోయిన వైపు చూశాడు. "మిగిలిన సగం నా బిడ్డనే పాడుకుంట పోయింది."