ఓడ పేలితే వచ్చే మాట

మా పెద్దమ్మ కొడుకు కడపలో ఉద్యోగం మానేసి వీడియో గేమ్ తయారు చేస్తున్నాడని తెలిసిన రోజు, ఎవరైనా పోయినప్పుడు వచ్చేటన్ని ఫోన్లు కర్నూలులో మా ఇంటికి వచ్చాయి. మా నాన్నది ఇనుప సామాన్ల అంగడి. తూకానికి రాని వస్తువు ఆయన దృష్టిలో వస్తువు కాదు.

"ఆట చేస్తాండాడా? చేసి యాడ పెట్టి అమ్ముతాడంట?" అని అమ్మను అడిగాడు.

"ఫోన్లో" అంది అమ్మ.

నాన్న తన ఫోన్‌ను ఇటూ అటూ తిప్పి చూసి, అందులో అంత చోటు కనబడక, పక్కన పెట్టేశాడు.

అది పాతకాలపు తరహా ఆట. మేం పుట్టకముందు టీవీకి తగిలించి ఆడుకునేవారట, ఆ రకం. చుక్కల ఆకాశంలో ఒక చిన్న ఓడ ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంటుంది. ఎదురొచ్చినదాన్నల్లా కాల్చుకుంటూ పోవాలి. ఆగడం, వెనక్కి తిరగడం కుదరదు. బొమ్మలన్నీ గళ్ళ కాగితం మీద రంగులు నింపినట్టుంటాయి. ఇప్పటి ఫోన్లు మనిషి కనురెప్ప వెంట్రుకలను కూడా చూపిస్తాయి కదా, మళ్ళీ ఈ గళ్ళెందుకు అని అడిగితే "అదే అందం మే" అన్నాడు అన్న. చేతిలో డబ్బు లేనప్పుడు చాలా వాటికి ఆ పేరే పెడతారు.

కథ ఏమిటంటే, వేరే గ్రహం వాళ్ళు నీళ్ళ కోసం రాయలసీమ మీదికి దండెత్తి వస్తారు. అన్ని కోట్ల మైళ్ళు ప్రయాణం చేసి, నీళ్ళ కోసం వెతికి వెతికి, చివరికి కర్నూలు, కడపల మీద దిగారంటే దారిలో ఎవరినీ అడగలేదన్నమాట. మొదటి దశ ఓర్వకల్లు రాతి గుట్టల మధ్య జరుగుతుంది. రెండోది మంగంపేట ముగ్గురాయి గనుల్లో. తెల్లటి దుమ్ములోంచి శత్రువుల ఓడలు పైకి లేస్తాయి. ఎంత వెటకారం చేసినా, ఆ దుమ్మును అన్న చాలా బాగా గీశాడని ఒప్పుకోవాలి.

మాటలు నన్ను రాయమన్నాడు. "నువ్వు నోరు తెరవవు గదా. లోపల శానా మిగిలిపోయుంటాయి. అవి రాయి" అన్నాడు. నేను డైరీ రాస్తానని మా వాళ్ళందరికీ తెలుసు. అందులో ఏముందో చూడాలని ఇంతవరకు ఒక్కరికీ అనిపించలేదు. ఇంత స్వేచ్ఛ ఏ రచయితకు దొరుకుతుంది?

శత్రు నాయకుడి ప్రగల్భాలు తేలిగ్గానే వచ్చాయి. మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురిని తలుచుకుంటే సరిపోయింది. చిక్కంతా ఒక్క చోటే వచ్చింది. ఓడ పేలిపోయాక తెర మీద కనబడాల్సిన మాట. 'గేమ్ ఓవర్' అని అన్న పెట్టి ఉంచాడు. 'ఆట ముగిసింది' అని మార్చి చూస్తే ప్రభుత్వ కార్యాలయం ముందు బోర్డులా ఉంది. 'నువ్వు చచ్చావు' అంటే ఆడేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు.

అప్పుడు తట్టింది. మా వైపు వీధి చివరికి కరివేపాకు కోసం పోయేవాళ్ళు కూడా 'పోతా' అనరు. పోతా అంటే ఇంక రాను అని. 'పోయొస్తా' అనాలి. ఓడ పేలిన మనిషి కూడా మీట నొక్కగానే మళ్ళీ వస్తాడు కదా. అందుకే 'పోయొస్తా' అని రాశాను. రాసి, కుర్చీలో కూర్చోలేక మేడ మీద అటూ ఇటూ తిరిగాను. నేను రాసినవాటిలో, అచ్చంగా నాది అనదగ్గది, డైరీ దాటి బయటికి పోబోతున్నది అదొక్కటే. మిగతావన్నీ కొట్టేసినా ఆ మాటొక్కటి నిలిస్తే చాలనుకున్నాను.

తర్వాత హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. ఆటలను ఫోన్లలోకి ఎక్కించే సంస్థ ఆయనది. ఆయన ఊ అంటే ఆట బయటికొస్తుంది, లేదంటే అన్న మళ్ళీ పాత ఉద్యోగం గడప తొక్కాలి. అమ్మా నేనూ కూడా ఆ రోజుకు కడపకు పోయాం. పెద్దమ్మ ఆయనకు కారం దోసెలు పోసింది. ఆయన ముక్కు తుడుచుకుంటూ ఇల్లంతా కలియజూశాడు. గోడకు ఒక్క వేటకొడవలైనా లేకపోవడం ఆయనను కొంచెం నిరాశపరిచినట్టుంది.

"ఆట బాగుంది బ్రో. కానీ ఇందులో సీమ ఏది?" అన్నాడు.

"ఓర్వకల్లు రాళ్ళుండాయి గదా సార్. మంగంపేట ఉండాది" అన్నాడు అన్న.

"రాళ్ళు కాదు బ్రో. బాంబులు, తెల్ల జీపులు, మీసం. ఓడకి మీసం పెట్టండి."

"ఓడకా?"

"ముందు వైపు. మెలేసినట్టు ఉండాలి."

"మెలేసేదానికి దానికి చేతుల్లేవు గదా సార్" అన్నాడు అన్న, నిజంగానే ఆలోచిస్తూ.

ఆయన ఆట మొదలుపెట్టాడు. మొదటి దశలోనే ఓర్వకల్లు గుట్టకు కొట్టుకుని పేలిపోయాడు. తెర మీద నా మాట వచ్చింది.

"ఇదేంటి, తప్పు పడిందా? చచ్చిపోయాడు కదా, ఎక్కడికి పోయొస్తాడు?"

"మా చెల్లెలు రాసింది సార్" అని అన్న నా వైపు చూపించాడు. అందరూ తిరిగి చూశారు. నా లోపల జవాబు సిద్ధంగా ఉంది, ఉదాహరణలతో సహా. నోటి దాకా వచ్చింది మాత్రం "అంటే..." అన్నదొక్కటే. ఇంతలో టీ వచ్చింది. అందరూ టీ వైపు తిరిగారు.

"'నరుకుతా' అని పెట్టేయండి. ఊపుంటుంది" అన్నాడాయన. ముక్కలైపోయినవాడు ఎవరిని నరుకుతాడో, దేనితో నరుకుతాడో చెప్పలేదు.

టీ తాగి లేచాడు. వాకిట్లో బూట్లు తొడుక్కుంటూ "సరే ఆంటీ, నేను పోతున్నా" అన్నాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "అయ్యో, అట్లనగూడదు నాయనా! గడప కాడ నిలబడి పోతా అంటారా ఎవురన్నా? పోయొస్తా అను."

"సారీ ఆంటీ. పోయొస్తా."

"ఆ. మల్లా రా."

ఒక కాలికి బూటుతో ఆయన అలాగే ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి గదిలో వెలుగుతున్న తెర వైపు చూశాడు. "ఓ... ఇదా!" అన్నాడు.

"ఏంది?" అంది పెద్దమ్మ.

మాట నిలిచింది. చాలా బేరాల తర్వాత ఓడ మీసం నుంచి కూడా తప్పించుకుంది. కొన్నాళ్ళకు శబ్దాలతో సహా తయారైన ఆటను అన్న నాకు పంపాడు. మేడ మీదికి పోయి తెరిచాను. నాకు ఆడటం బొత్తిగా రాదు కాబట్టి ఓడ పేలడానికి ఎంతోసేపు పట్టలేదు. పేలగానే, గులకరాళ్ళు నోట్లో వేసుకున్నట్టున్న ఒక మగ గొంతు "పోయొస్తాఆఆ!" అని గర్జించింది. వెనకే బాంబు మోత. పోయి, మీ వంశం మొత్తాన్ని లేపేయడానికి మళ్ళీ వస్తానని శపథం చేసినట్టుంది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అర్థాన్ని మాత్రం నరికేశారు.

అన్నకు ఫోన్ చేశాను.

"నాకూ నచ్చలే మే. మీసం తీయించేసరికే నా తల పానం తోకకొచ్చింది. ఇంగొకటి అడిగితే ఆటనే మొత్తానికి ఎత్తిపెడతాడేమో. రాసినదానివి నువ్వు, నువ్వే అడుగు" అని ఆయన నంబరు పంపాడు.

కల్లూరు పోయే షేర్ ఆటోలో 'ఆపప్పా' అనలేక, ఇంకెవరో దిగే చోట దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. అలాంటిదాన్ని, ముఖం కూడా సరిగ్గా చూడని ఒకాయనకు ఫోన్ చేశాను.

"హలో, ఎవరు?"

"నేను... పోయొస్తా."

"ఎక్కడికండీ?"

"కాదు. ఆ మాట రాసినదాన్ని."

"ఆ, చెప్పండి సిస్టర్!"

"అది అరిచే మాట కాదు. అట్ల అరిచి ఎవరూ ఇంట్లోంచి పోరు. మా పెద్దమ్మ ముందర మీరు ఎట్లన్నారో, అట్లుండాల."

"అలా చెప్పేవాళ్ళు మా దగ్గర లేరు సిస్టర్. రేపు ఫైల్ వెళ్ళిపోతుంది. ఈలోగా మీరే చెప్పి పంపితే మారుస్తా" అని పెట్టేశాడు.

ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ ఫోన్ ముందు కూర్చున్నాను. మొదట చెప్పింది శవం పక్కన కూర్చుని చెప్పినట్టుంది. తర్వాతది వార్తలు చదివినట్టుంది. కింద నాన్న అంగడి ముందు లారీలోంచి ఇనుప కమ్మీలు దించుతున్నారు. ప్రతి 'పోయొస్తా' వెనకా ఒక కమ్మీ మోగింది.

"ఎవరితో మాట్లాడతాండావు మే?" అని అమ్మ అరిచింది.

"ఎవరితో లేదు."

"మరి అన్నిసార్లు పోయొస్తా అంటాండావు, యాడికి? పోయేదుంటే కొత్తిమీర తేపో!"

కమ్మీలు దించడం కూడా అయిపోయేదాకా ఆగుదామని లేచాను. సంచి తీసుకుని, గది గడప దాటుతూ "పోయొస్తా మా" అన్నాను. కొత్తిమీర తెచ్చి చూస్తే ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. అంతా విన్నాను. గడప దాటుతూ అన్నదొక్కటే మామూలుగా ఉంది. దాన్నే అన్నకు పంపాను. చివర ఉన్న 'మా'ను అన్న కత్తిరించి హైదరాబాదుకు పంపాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు. "ఒప్పుకున్నాడు మే. అదే పోతాంది ఆటలో. కాకపోతే గొంతు శానా చిన్నగా ఉండాదన్నాడు. నేనే పెంచినా."

"ఎట్ల పెంచినావు?"

"కంప్యూటర్‌లో ఒక గీత ఉంటాది. కుడిపక్కకు జరిపితే సరి."

పెంచింది కూడా విన్నాను. ఓడ పేలింది, పొగ లేచింది, ఆ పొగలోంచి ఒక అమ్మాయి కొత్తిమీరకు బయల్దేరింది. బాగానే ఉంది. గట్టిగా మాట్లాడమని చిన్నప్పటి నుంచి నా వెంటపడిన మా బంధువులు ఎంత శ్రమపడ్డారో పాపం. అంత సులువైన గీత ఒకటుందని వాళ్ళకెవరూ చెప్పలేదు.