గంజాయి మొక్కకు దూది కోటు

మా మేడ మీది రెండు గదుల్లో అద్దెకుండే దర్జీని వీధంతా టేపు బాబాయ్ అనేది. స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా మెడలోని టేపు తీయడని ఆయన భార్య, మా పిన్ని, ఫిర్యాదు. వీధి మలుపులో నలభై ఏళ్ళు కొట్టు నడిపారు ఇద్దరూ. కత్తెర, మిషను ఆయనవి. కాజాలు, గుండీలు ఆవిడవి.

"మీ బాబాయ్ చేత ఒక్క కాజా కుట్టించరా, నీ చొక్కాకి బంగారు గుండీ పెడతాను" అని నాతో పందెం కాసేది పిన్ని. బాబాయ్ నవ్వి ఊరుకునేవాడు. ఆ పందెం నేను ఎన్నేళ్ళైనా గెలవలేదు.

వానలు వెనకబట్టాక పిన్నికి జబ్బు ఎముకల్లోకి దిగింది. మందులు మింగితే వాంతులు, తిండి సహించదు, నొప్పికి నిద్ర పట్టదు. గంజాయి పువ్వుతో కొందరికి ఆకలి వేస్తుందని, కాస్త కునుకు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మందుల షాపులో అడిగితే సరుకు లేదన్నారు. అయితే అలాంటి రోగి ఉన్న ఇంట్లో డాక్టరు చీటీ మీద మొక్క పెంచుకోవచ్చని కొత్తగా రూలు వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే మొక్క. బాబాయ్ ఆ చీటీకి ఫ్రేము కట్టించి పెళ్ళి ఫోటో పక్కన తగిలించాడు.

"మా పెళ్ళికి సర్టిఫికెట్ లేదు గానీ, గంజాయికి ఉంది చూడు" అంది పిన్ని.

విత్తనం చేతికి వచ్చేసరికి చలికాలం మొదలైంది. పిన్ని మంచం పక్క కిటికీలోంచి కనబడేలా, నీళ్ళ ట్యాంకు పక్కన ఎండలో కుండీ పెట్టాడు బాబాయ్. మొలక లేచింది మొదలు రోజూ పొద్దున్నే టేపుతో కొలిచి, ట్యాంకు గోడ మీద సుద్దగీత గీసి, కిటికీ దగ్గరకు వచ్చి చెప్పేవాడు.

"ఇవాళ పావంగుళం."

"నడుము చుట్టుకొలత తీశారా? పెరిగే పిల్ల, వదులుగా కుట్టండి."

చలి ముదిరి ఆకులు వాలిపోతే నిజంగానే కుట్టాడు. పాత బొంతలోని దూది తీసి, మొక్క చుట్టూ నిలబడేలా ఒక కోటు తయారుచేశాడు. దానికి కాలరు కూడా! పిన్ని దిండ్లకు ఆనుకుని కూర్చుని కాజాలు మొదలుపెట్టింది. ఒక్కో కాజాకి రెండు రోజులు పట్టింది.

"నాకు మాత్రం ఇంత శ్రద్ధగా ఒక్క జాకెట్టూ కుట్టలేదీయన" అనేది, సూది ఆపి ఊపిరి తీసుకుంటూ. మూడు కాజాలయ్యాక సూది పక్కన పెట్టేసింది. నాలుగోది అలాగే ఉండిపోయింది.

ఇక్కడే నేను తగలడ్డాను. కరెంటు సామాను కొట్లో గుమాస్తాని. ఇంజనీరు కాలేకపోయిన బాధ లోపల ఎక్కడో ఉన్నట్టుంది.

"కోటు ఏం ఆనుతుంది బాబాయ్? కోడిపిల్లలకు పెట్టినట్టు బల్బు పెట్టాలి దీనికి" అన్నాను. కొట్లోంచి రెండు వందల వాట్ల బల్బు తెచ్చి, వైరు లాగి, మొక్క నెత్తిన వేలాడదీశాను. సాయంత్రం చీకటి పడుతూనే వేస్తే తెల్లారేదాకా వెలిగేది. మొక్క బుసబుసా పెరిగింది. సుద్దగీతలు నా భుజం దాటాయి. వచ్చినవాళ్ళందరినీ పైకి తీసుకెళ్ళి "మన బల్బు మహిమ" అని చూపించేవాణ్ణి. పువ్వు మాత్రం ఒక్కటీ రాలేదు. పిన్ని పూటకు రెండు చెంచాల సూపు తాగితే గొప్పగా ఉండేది.

ఇలాంటి మొక్కల్ని నెలనెలా వచ్చి లెక్కపెట్టాల్సిన ఎక్సైజు ఆఫీసు ఆవిడ మూడో నెలలో గానీ రాలేదు. కోటు కాలరు పట్టుకుని ముచ్చటపడింది. బల్బు చూసి నవ్వు ఆపేసింది.

"ఇది రాత్రి కూడా వెలుగుతుందా?"

"రాత్రంతా!" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"అయ్యో. దీనికి పొడుగు రాత్రులు కావాలండీ. చీకటి ఎక్కువైతేనే పూస్తుంది. చలికాలం వచ్చిందని దానికి తెలియనివ్వలేదు మీరు."

"ఇవాళ ఆర్పేస్తే?" అన్నాడు బాబాయ్.

"పువ్వు కోతకు రావడానికి రెండు నెలలైనా పడుతుంది."

బాబాయ్ కిటికీ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ఆవిడ మెట్లు దిగి వెళ్ళాక మెల్లగా అన్నాడు.

"విత్తనం మంచిది కాదని చెబుతాను మీ పిన్నికి. నువ్వేం మాట్లాడకు."

ఆ సాయంత్రం సూపు తీసుకుని వెళ్ళాను. పిన్ని కిటికీలోంచి చీకట్లోకి చూస్తోంది.

"ఏరా, బల్బు మాడిపోయిందా?"

"అవును పిన్నీ."

"మీ కొట్టు సరుకేగా మరి!" అని నవ్వబోయి, దగ్గి, కళ్ళు మూసుకుంది. "పోనీలే. ఆ వెలుగు సరిగ్గా నా మొహం మీద పడేదిరా. మొక్క కోసం కదా అని ఊరుకున్నాను."

నా చేతిలోని గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇరవై రోజులకు ఆకుల మొదళ్ళలో తెల్లటి నూగు కనబడింది. బాబాయ్ కుండీని కిటికీ దాకా ఈడ్చుకొచ్చాడు. పిన్ని చాలాసేపు చూసింది.

"పువ్వా అది? దారప్పోగుల్లా ఉన్నాయి. కత్తిరించెయ్యకండి, మీకసలే చెయ్యి ఊరుకోదు."

ఆ తర్వాత అయిదో రోజు పొద్దున పోయింది. పువ్వు ఇంకా ముదరనే లేదు.

రోగి లేకపోతే చీటీ చెల్లదు. మొక్క తీసుకెళ్ళడానికి ఆఫీసు ఆవిడ వచ్చి, మళ్ళీ ట్యాంకు పక్కకు చేర్చిన కుండీ దగ్గర తలొంచుకుని నిలబడింది. కోటు మూడు గుండీలూ బాబాయే విప్పాడు. కాజా లేని నాలుగో చోట కట్టిన దారం కూడా విప్పాడు. టేపు తీసి చివరిసారి కొలిచి, గోడ మీద గీత గీశాడు. అలవాటు చొప్పున కిటికీ దగ్గరకు నడిచి, అక్కడ ఆగిపోయాడు.

పది రోజుల తర్వాత మా గుమ్మంలోకి వచ్చి చిన్న గుడ్డసంచి ఇచ్చాడు. లోపల దూది మధ్య నా బల్బు.

"కొట్లో ఇచ్చెయ్. పగలకుండా కుట్టాను."

సంచి మూతికి ఒక గుండీ ఉంది. దాని కాజా వంకర, అంచున పోగులు లేచి ఉన్నాయి. గుండీ సగమే దూరింది. పందెం గెలిచాను.

"మొదటిది కదా, కుదరలేదు" అన్నాడు బాబాయ్, మెడలో టేపు సర్దుకుంటూ.