నేరం లిఫ్టుది

తిరుగుతున్నదేది కనిపించినా మా బావ ఆపేస్తాడు. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా అంతా బంగారం.

ఆ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. న్యూట్రాన్ డిటెక్టర్‌లో పుట్టే సంకేతం ఉందా లేదా అన్నంత చిన్నది. దాన్ని కొన్ని వేల రెట్లు పెంచే యాంప్లిఫయర్లు తయారుచేసే విభాగానికి ఆయన పెద్ద. నాది పక్క బల్ల. చిక్కేమిటంటే, ఆ పెట్టె సంకేతంతోపాటు చుట్టుపక్కల గోలనీ పెంచేస్తుంది. దాంతో దానికి తగిలించిన కౌంటర్ రాని న్యూట్రాన్లని లెక్కపెట్టేస్తుంది. గోల ఎక్కడ పుడుతోందా అని బావ కాలు ఒకచోట నిలవదు. ఫ్యాను ఆపుతాడు. ఏసీ ఆపుతాడు. ఓసారి మేనేజరుగారి షేవింగ్ మిషను ప్లగ్గే లాగేశాడు. పాపం ఆయన సగం గడ్డంతో మీటింగుకి వెళ్లారు.

ఇంట్లోనూ అదే వరస.

"ఫ్రిజ్ ఎందుకాపారండీ? పాలు విరిగిపోయాయి!" అని అక్క కేకలు.

"గుర్రుమంటోందే!"

"రాత్రంతా మీరూ గుర్రుమంటారు. మీ స్విచ్చెక్కడుందో చెప్పండి!"

అప్పట్లో మా దగ్గర ఒక అమ్మాయి కొత్తగా చేరింది. తను సొంతంగా చేసిన మొదటి యాంప్లిఫయర్‌ని పరీక్షించడానికి ముగ్గురు పెద్దలొచ్చారు. నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే. చుట్టుపక్కల న్యూట్రాన్లు పుట్టించేదేమీ లేదు కాబట్టి కౌంటర్ ఇంచుమించు నోరు మూసుకుని ఉండాలి.

అది టకటకలాడింది.

"లేనివాటిని భలే లెక్కపెడుతోందమ్మా!" అన్నారు వాళ్లలో పెద్దాయన. బల్ల ముందు కూర్చున్న అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక బావకి పూనకమే. ఫ్యాను ఆపాడు. ఏసీ ఆపాడు. పెద్దాయన ల్యాప్‌టాప్ ప్లగ్గు కూడా పీకాడు. టకటక ఆగలేదు. చివరికి బల్ల కింద దూరి, నెత్తిన బూజుతో పైకి లేచాడు.

"దొరికింది! లిఫ్టు! అమ్మాయ్, నువ్వెళ్లి ఆపించు. మళ్లీ ఎవరూ వెయ్యకుండా అక్కడే కాపలా ఉండు."

"నేను వెళ్తాలే బావా," అన్నాను.

"నువ్వు కూర్చోవోయ్!"

అమ్మాయి లేచి గుమ్మం దాటిందో లేదో, కౌంటర్ గప్‌చిప్. లిఫ్టు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. దాని మోత నా చెవికి వినిపిస్తూనే ఉంది. ఆ మోత పెద్దలకి వినపడకుండా బావ గొంతు చించుకుని లిఫ్టు మోటార్లని తిట్టడం మొదలుపెట్టాడు. నేనూ అందుకుని వంత పాడాను. పెద్దలు అరగంట చూసి, పెట్టె భేషుగ్గా ఉందని సంతకాలు చేశారు. ఆ తర్వాత ఆగిన లిఫ్టుని చూసి, ఉసూరుమంటూ నాలుగంతస్తులు నడిచి దిగారు.

అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. పెట్టె నెగ్గిందని తెలిసి, ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది. తీరా మళ్లీ బల్ల ముందు కూర్చోగానే కౌంటర్ టక్కుమంది. వంగి తన కాళ్లకేసి చూసుకుంది.

"సార్... లిఫ్టు కాదు. భయమేస్తే నా కాలు ఆగదు. మోకాలు కేబుల్‌కి తగులుతోంది. కేబుల్ కదిలినప్పుడల్లా దొంగ సంకేతం వస్తోంది. బల్ల కింద దూరినప్పుడు మీరు చూసే ఉంటారు."

బావ కేబుల్‌ని బల్ల వెనక్కి లాగి కడుతూ, తలెత్తకుండానే అన్నాడు:

"పరీక్ష యాంప్లిఫయర్‌కమ్మా, కాళ్లకి కాదు."