నీలిరంగు మీద చిన్న చెయ్యి

నా చిన్నప్పుడు విజయవాడ వన్‌టౌన్‌లోని మా ఇంటి వసారా నిండా పాత బీరువాలూ బల్లలే ఉండేవి. మా అమ్మ వాళ్ల నాన్నను మేము నానా అని పిలిచేవాళ్లం. ఆయన వాటిని కొని తెచ్చి, పాత రంగు గీకేసి, కొత్త రంగు వేసి అమ్మేవారు. పసుపు రంగు మీద గోధుమ రంగు పూసి, తడి ఆరకముందే రబ్బరు దువ్వెనతో వంకీలుగా గీసేవారు. మామిడి చెక్క కూడా అచ్చం టేకులా కనిపించేది.

ఉప్పెన వచ్చివెళ్లిన మరుసటి ఏడాది, సముద్రం దగ్గరి ఊరి నుంచి ఒక బీరువా వచ్చింది. ఎన్నాళ్లు ఎండబెట్టినా దాని ఉప్పువాసన పోలేదు. ఎడమ తలుపు ఎంత గట్టిగా మూసినా దానంతటదే తెరుచుకునేది. ఒకరోజు నానా ఆ తలుపు లోపలివైపు ఆకుపచ్చ రంగు గీకుతుంటే, అడుగున పాత నీలిరంగు మీద ఒక చిన్న చెయ్యి బయటపడింది. ఎప్పుడో ఆ నీలం పచ్చిగా ఉండగా ఎవరో పసిపిల్ల అరచెయ్యి ఆనించింది. ఆ గుంటల్లో ఆకుపచ్చ నిలిచిపోయి, ఐదు వేళ్లూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నానా గీకడం ఆపేశారు. బీరువా అమ్మినాయన ద్వారా ఆ ఊరికి కబురు పంపారు. పిల్ల ఉప్పెనలో పోయిందనీ, తల్లి బతికే ఉందనీ, శుక్రవారం వస్తుందనీ తెలిసింది.

ఆ మాట విన్నాక నాకు ఆ బీరువా అంటే భయం పట్టుకుంది. బడికి వెళ్తుంటే ఆ తలుపు తెరుచుకునే ఉండేది. చెయ్యి నన్నే రమ్మన్నట్టుండేది. శుక్రవారం నానా నమాజుకు వెళ్లగానే, గరుకు కాగితం తీసుకుని ఆ గుర్తును రుద్దేశాను. వట్టి చెక్క మిగిలింది.

నానా వచ్చి చూసి, ఆ చెక్క మీది పొడి తుడిచారు. నేనే ఏడుస్తూ, "మళ్లీ నీలం వేసి నా చెయ్యి పెట్టించండి నానా. ఎవరికీ తెలీదు" అన్నాను.

"చెక్క మీద ఎన్ని దొంగ గీతలైనా గీస్తాను బేటీ. ఆ తల్లికి దొంగ చెయ్యి చూపించలేను."

సాయంత్రం ఆవిడ వచ్చింది. నానా లేచి నిలబడి, "గుర్తు మా ఇంట్లోనే పోయిందమ్మా. తప్పు మాది" అన్నారు. నేనే రుద్దేశానని చెప్పాను. ఆవిడ కొడుతుందనుకున్నాను. ఆ వట్టి చెక్కను తడిమి చూసి, "నువ్వు చూశావు కదమ్మా. ఎంతుందో చెప్పు" అంది.

నా అరచెయ్యి చాపి, ఆ వేళ్లు నా వేళ్ల మీద ఎక్కడిదాకా వస్తాయో చూపించాను. ఆవిడ ఒక్కో చోటా తాకి చూసుకుంది.

"చిటికెన వేలు కాస్త వంకరగా ఉండాలి."

ఉందన్నాను. నిజంగానే ఉంది.

"బీరువా నాకొద్దు సాయిబుగారూ, ఆ తలుపొక్కటి ఇప్పించండి" అంది. నానా మరలు విప్పి, తలుపును దుప్పట్లో చుట్టి, బస్టాండు దాకా తనే మోసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఏ గుర్తూ లేని ఆ తలుపును ఆవిడ బస్సులో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

భయపెట్టినదాన్ని చెరిపేసినంత మాత్రాన భయం పోదని ఆ రోజే తెలిసింది. నానా పోయి చాలా ఏళ్లయింది. ఆ గుర్తును కళ్లారా చూసినదాన్ని ఇక నేనొక్కదాన్నే. నా పిల్లల చేతులూ, తర్వాత మనవరాళ్ల చేతులూ ఆ కొలత దాటేదాకా నా మనసు కుదుటపడలేదు. ఆ సంగతి ఇంతవరకూ వాళ్లెవరికీ చెప్పలేదు.