భావనపాడులో మొప్పల కోసం

రూతు చేతిలో ఎంజైము మూడోసారి చచ్చిపోయింది. శ్రీకాకుళంలో మా కాలేజీలో నా దగ్గర పరిశోధన చేస్తున్న పిల్ల. “ఇంకొక్కసారే మేడమ్. కాకపోతే మానేసి ఏదో ఒక బడిలో టీచరుగా చేరిపోతాను” అంది. చేప మొప్పల్లో ఉప్పును బయటికి తోలడానికి తోడ్పడే ఎంజైము ఒకటుంది. కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో కూరుకుని ఉంటుంది. అందులోంచి పైకి లాగామా, పని మానేస్తుంది. ఎప్పుడో చచ్చిన బజారు చేపతో లాభం లేదు, పడవ దగ్గరికే పోదాం పద అన్నాను.

తొలి బస్సులో టెక్కలి చేరి, అక్కడ భావనపాడు రేవుకి ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో సహా వెయ్యి రూపాయలు. ఐసుపెట్టె చూసి డ్రైవరు, “ఇందులో ఏటుందమ్మా, టీకాలా?” అన్నాడు. పంచదార నీళ్లంటే నమ్మితేనా! మొప్పలు అందులోనే వెయ్యాలి మరి.

ఒడ్డున నూకాలమ్మ అనే ఆవిడ బుట్టలో రెండు చేపలు ఇంకా కొట్టుకుంటున్నాయి. వాటిని బేరమాడి, కత్తెర కోసం ఆటో దాకా వెళ్లొచ్చాం. ఆలోగా ఆవిడ వాటిని కోసి, తోమి, మంచినీళ్లతో కడిగి పెట్టేసింది.

“శుబ్బరంగా సేసీసినాను తల్లీ. పట్నమోళ్లు, మీకు సేతకాదు కదా!”

“మొప్పలేవి పిన్నీ?” అంది రూతు.

“మొప్పలేటి సేసుకుంటావే? పిల్లులకి ఏసీసినాను.”

రూతు ఇసకలో కూలబడి ఏడ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, అంత ప్రేమగా కడిగిచ్చిన మనిషిని ఏమని తిట్టను?

నూకాలమ్మే కంగారుపడిపోయింది. “ఓలమ్మో, ఏడకే! మా మావ పడవ ఇంకా రానేదు. వస్తాది, కూకో.”

ఎండెక్కాక ఆ పడవ వచ్చింది. ఈసారి ఆవిడ చేపను పట్టుకుంది, రూతు మొప్పలు కత్తిరించి చల్లటి పంచదార నీళ్ల సీసాలో వేసింది. మూత బిగించి ఐసులో పెట్టి, దారిలో టీకి కూడా ఆగకుండా వచ్చేశాం.

ల్యాబులో ఐసు మీదే మొప్పలు నూరి, పొరల్ని వేరుచేసి, డిటర్జెంటు బొట్టుబొట్టుగా వేశాం. తక్కువైతే ఎంజైము పొరను వదలదు. ఎక్కువైతే దాన్ని నిలబెట్టే కొవ్వు కూడా కొట్టుకుపోయి కుప్పకూలుతుంది. ఊతంగా గ్లిజరిన్ కలిపాం. చివరి పరీక్షలో నీలం రంగు తేలితే బతికున్నట్టు. సాయంత్రానికి, ఎంజైము వెయ్యని గొట్టం తెల్లగానే ఉంది. రెండోది మెల్లగా నీలమైంది. రూతు నా భుజం పట్టుకుని ఊపేసింది. “ఉన్నాది మేడమ్, ఉన్నాది!” ఇన్నాళ్లూ నా ముందు పుస్తకం భాష మాట్లాడిన పిల్ల!

ఇంత సున్నితమైనదాన్ని పాడుచెయ్యడానికి నిర్లక్ష్యమే అక్కర్లేదు, మంచి మనసుతో కడిగినా చాలు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, చేప ధర అడిగేముందే కత్తెర చేతిలో పట్టుకోండి, మొప్పలు మాకే కావాలని చెప్పండి. రూతుకు నేనిచ్చిన సలహా వేరు: ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకో అన్నాను. వింటేనా? రేపటి గొట్టాలు కడగడం మొదలుపెట్టింది.